చిడత మోగకముందే వినబడే చప్పుడు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక ఇరుకు సందు చివర, మేడ మీద ఉందా గది. పాత క్యాసెట్లను, టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. ఎక్కించిన ఫైళ్లలో చప్పుడు తేడాగా ఉంటే కారణం వెతికి చెబుతారు. నేను వెళ్లేసరికి తెనాలి వైపు నుంచి వచ్చినాయన ఒకరు పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల నాన్నగారు హరిదాసు. ఆయన చెప్పిన రుక్మిణీకల్యాణం అందులో ఉంది.

“మాట బాగానే ఉందండీ. చిడతలు మోగినప్పుడే ఏదో తేడా కొడుతోంది. నాన్నగారి చిడత అట్లా ఉండదు” అన్నారాయన.

ఇంజినీరు గారు వెంటనే ఏ మీటా నొక్కలేదు. “ఎక్కడ, ఎన్నో నిమిషంలో చెప్పండి” అని అడిగారు. మొత్తం కథ వింటూ పోతే చెవి అలవాటు పడిపోతుందట. అందుకని నాలుగైదు సెకన్ల ముక్క ఒకటి విడదీసి, దాన్నే మళ్లీ మళ్లీ వినిపించారు. హెడ్‌ఫోన్స్ నాకూ ఇచ్చారు. మొదట నాకేమీ తెలియలేదు. “దెబ్బ వినకండి, దెబ్బకు ముందు వినండి” అన్నాక పట్టుబడింది. చిడత ఠక్కుమనే ముందు సన్నగా ఒక గరగర. దాంతో దెబ్బలో పదును పోయింది.

ఆ ముక్కనే తెర మీద పెద్దది చేసి చూపించారు. చిడత దెబ్బ నిట్టనిలువుగా లేవాలి. దానికి ముందు గీత నిశ్శబ్దంగా ఉండాలి. ఇక్కడ దెబ్బకు కొన్ని మిల్లీసెకన్ల ముందే గీత వణకడం మొదలైంది. దీన్ని ప్రీ-ఎకో అంటారు. ఎంపీ3 ఎన్‌కోడర్ శబ్దాన్ని సుమారు 26 మిల్లీసెకన్ల ఫ్రేములుగా విడగొట్టి, మన చెవికి అందని వివరాలను వదిలేస్తూ కుదిస్తుంది. అలా వదిలేసినందువల్ల పుట్టే రొద ఎన్‌కోడర్ లెక్కగట్టిన ముక్క అంతటా పరుచుకుంటుంది. దెబ్బ ముక్క చివర్లో పడితే, దాని రొద ముందున్న నిశ్శబ్దంలోకీ వస్తుంది. పెద్ద చప్పుడు తన తర్వాతి చిన్న చప్పుళ్లను నూరు మిల్లీసెకన్లకు పైగా కప్పేయగలదు కానీ, తన ముందున్న వాటిని కప్పేది కొద్ది మిల్లీసెకన్లే. అందుకే అది బయటపడుతుంది. ఇలాంటి దెబ్బ వస్తోందని పసిగడితే ఎన్‌కోడర్ ఆ ముక్కను మూడు చిన్న ముక్కలుగా చేసుకుంటుంది. పసిగట్టకపోయినా, ఇచ్చిన బిట్లు చాలకపోయినా ఇదిగో, ఇలా అవుతుంది.

ఎంపీ3 రూపకర్తల్లో ఒకరైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ సుజాన్ వేగా వాద్యాల్లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ పాటతో తన ఎన్‌కోడర్‌ను పరీక్షించుకున్న సంగతి చాలామందికి తెలుసు. ప్రీ-ఎకోను పట్టడానికి మాత్రం ఐరోపా వాళ్లు స్పెయిన్ కాస్టనెట్స్ వాడతారు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ పరీక్ష డిస్క్‌లో కూడా అవి ఉన్నాయి. నన్నడిగితే మన చిడతలు అంతకన్నా కఠినమైన పరీక్ష. చెక్క దెబ్బకు తోడు ఇత్తడి బిళ్లల ఝణఝణ కూడా ఉంటుంది కదా! ఆ రెంటినీ తక్కువ బిట్లలో ఇమడ్చడం ఏ ఎన్‌కోడర్‌కైనా కష్టమే.

“అసలు తప్పు క్యాసెట్‌దే కావచ్చు కదా?” అని అడిగాను. ఇంజినీరు గారికి ఆ ప్రశ్న నచ్చింది. క్యాసెట్‌లోనూ ముందస్తు ప్రతిధ్వని ఉంటుందన్నారు. టేపు చుట్టలో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకు అంటుకుంటుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఆ ప్రతిధ్వని ఒకటిన్నర నుంచి మూడు సెకన్ల ముందు వస్తుంది. పైగా అది మాటకు మాటగా, లీలగా వినబడుతుంది. ఇక్కడున్న గరగర అలాంటిది కాదు.

తర్వాత చప్పుడులోని కింది, పై స్వరాలను చిత్రంగా చూపే స్పెక్ట్రోగ్రామ్ తెరిచారు. ఫైలు మీద 320 కేబీపీఎస్ అని ఉంది. చిత్రంలో మాత్రం 16 కిలోహెర్ట్జ్ దగ్గర అంతా స్కేలు పెట్టి కోసినట్టు ఆగిపోయింది. క్యాసెట్‌లో పై స్వరాలు ఎలాగూ తక్కువే, కానీ టేపు సొద మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది తప్ప అలా తెగదు. ఎవరో మొదట 128లో ఎంపీ3 చేసి, దాన్నే మళ్లీ 320గా భద్రపరిచారని ఆయన తేల్చారు. సైజు పెరిగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు.

చప్పట్లు నీళ్లలో కలిసినట్టు అనిపించడం, తాళాల మోతలో కిచకిచలు, పెద్ద గొంతు దగ్గర పగుళ్లు కూడా వేరే ఫైళ్లలో వినిపించారు. ప్రతిదానికీ ఒక్కో కారణం. అయితే ఆయన తన చెవినీ గుడ్డిగా నమ్మరు. ఏది అసలో, ఏది ఎంపీ3నో కంప్యూటర్ దాచిపెట్టి 16 సార్లు అడిగితే, కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితేనే తేడా విన్నట్టు లెక్క. ఊరికే గుడ్డిగా చెప్పి కనీసం 12 కొట్టే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ.

“క్యాసెట్ ఉందా?” అని అడిగారు ఇంజినీరు గారు.

“అటక మీద ఉందండీ. ఫైలు వచ్చేసిందిగా, ఇంకెందుకని పారేద్దామనుకున్నాం.”

“పారేయకండి. ఈ ఫైలును నేను బాగుచేయలేను. క్యాసెట్ తెస్తే మీ నాన్నగారి చిడత మీకు వినిపిస్తాను.”

మీ ఇంట్లో హరికథో, బుర్రకథో, అమ్మమ్మ పాడిన పాటో క్యాసెట్‌లో ఉంటే ముందు ఏ వివరమూ వదిలేయని వావ్ (WAV) ఫైలుగానో ఫ్లాక్ (FLAC) ఫైలుగానో ఎక్కించమని గట్టిగా అడగండి. గంట క్యాసెట్ వావ్‌లో సుమారు 635 మెగాబైట్లు, ఫ్లాక్‌లో ఇంకా తక్కువ. ఫోన్లో పంపుకోవడానికి ఎంపీ3 దాని నుంచే చేసుకోండి. క్యాసెట్‌ను మాత్రం పారేయకండి.