బానే ఉన్నాడట!

ఇక్కడి టీచర్లు పిల్లల గురించి మొహమ్మీద చెడు చెప్పరు. మా ఊళ్ళో అయితే మాష్టారు "మీవాడికి చదువు రావట్లేదమ్మా, ఇంట్లో కూర్చోబెట్టండి" అనేసేవారు. అమెరికా పబ్లిక్ స్కూల్లో "హీ ఈజ్ సో స్వీట్" తోనే మొదలు. "సోషల్ బటర్‌ఫ్లై" అంటే క్లాసులో కబుర్లు ఎక్కువని. "స్టిల్ గ్రోయింగ్ యాజ్ ఎ రీడర్" అంటే చదవడం వెనకబడ్డాడని. ఈ అర్థాలు ఎవరూ అచ్చువేసి ఇవ్వరు, మనకంటే ముందొచ్చిన అమ్మలు పార్కులో చెప్పాల్సిందే.

మా చిన్నాడు సెకండ్ గ్రేడ్. అక్టోబర్లో టీచర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అదీ మా వారికి, ఎందుకంటే స్కూలు ఫారంలో మొదటి పేరు ఆయనది. "ఏం రాశారండీ?" అంటే "బానే ఉన్నాడట" అన్నారు. పన్నెండు లైన్ల మెయిల్‌కి రెండు ముక్కల అనువాదం! తీసుకుని చదివితే చివర్లో ఉంది, చదవడం గురించి ఒకసారి మాట్లాడుకుందామని. మర్నాడే స్కూలు ఆఫీసుకెళ్ళి నా ఫోను, నా మెయిలు మొదట పెట్టించాను. ఐదు నిమిషాల పని. మీరూ చూసుకోండి.

నవంబర్లో కాన్ఫరెన్స్. మాకిచ్చింది 15 నిమిషాలు, బయట కుర్చీల్లో తర్వాతి వాళ్ళు రెడీగా ఉన్నారు. పొగడ్తలకే ఐదు నిమిషాలు పోయాయి. ఇక ఆపి ఒకటే అడిగాను: "ఈ వయసు పిల్లలు ఎక్కడుండాలి, వీడు ఎక్కడున్నాడు?" అప్పుడు కాగితం తీసింది. ఒక ఏడాది వెనక. "ఇంట్లో రెండు భాషలు కదా, కొన్నాళ్ళు ఇంగ్లీషే మాట్లాడితే..." అంది. పెద్దాడు కూడా తెలుగులోనే పెరిగాడు, వాడికి చదవడం బానే వచ్చింది, చిన్నాడు అమ్మమ్మతో తెలుగు మాట్లాడినా శబ్దాలు అటూ ఇటూ చేస్తాడని చెప్పాను. రెండు భాషలు వినడం వల్ల చదువు దెబ్బతినదు. ఇబ్బంది నిజంగా ఉంటే రెండింట్లోనూ కనిపిస్తుంది. పాపం ఆవిడ వెంటనే నోట్ చేసుకుంది. మంచి మనిషే, తెలుగు గురించి ఆవిడకి ఎవరు చెప్పారు గనక?

పరీక్ష చేయించమని అడుగుదామంటే ఇంట్లో పెద్ద రగడ. అత్తయ్య వీడియో కాల్లో "పిల్లాడికి ముద్ర పడిపోతుందే" అని కళ్ళనీళ్ళు. మా వారు "రికార్డులో ఉండిపోతుంది, కాస్త ఆగుదాం" అని. 1974 నాటి చట్టం ప్రకారం ఆ రికార్డు మామూలుగా మన అనుమతి లేకుండా బయటివాళ్ళకివ్వరు. ఆగితే పోయేది మాత్రం వాడి చదువు. వారం వాదించుకున్నాక ఆయనే సంతకం పెట్టారు.

అడగడం మాత్రం కాగితం మీదే అడగండి, తేదీ వేసి. మన సంతకం లేకుండా స్కూలు పరీక్ష చెయ్యకూడదు. సంతకం పెట్టాక ఫెడరల్ చట్టం ప్రకారం 60 రోజుల్లో పూర్తి చెయ్యాలి, కొన్ని రాష్ట్రాలకి వేరే గడువుంది. వద్దంటే ఎందుకు వద్దో వాళ్ళూ రాసివ్వాలి. గుమ్మం దగ్గర నవ్వుతూ చెప్పుకున్న మాటకి ఈ లెక్కలేవీ ఉండవు.

మా బస్ స్టాప్ స్నేహితురాలికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోర్త్ గ్రేడ్ చదివే కూతురే కాన్ఫరెన్స్‌లో తల్లికి తెలుగు చేసి చెప్పేది. తన సంగతి తనే చెప్తుంటే ఇంకేముంది, అన్నీ మంచి వార్తలే! ముఖ్యమైన విషయాలు తల్లిదండ్రులకి అర్థమయ్యే భాషలో ఉచితంగా చెప్పించడం స్కూలు బాధ్యత, 1964 పౌరహక్కుల చట్టం కింద. తను ముందుగా ఆఫీసులో అడిగితే ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. పిల్ల హోంవర్క్ సంగతి ఆ రోజే బయటపడింది.

మావాడి పరీక్షలు అయిపోయాయి. వచ్చే గురువారం మీటింగు. రిపోర్టు ముందే పంపమని రాశాను, పంపారు, రాత్రిళ్ళు పెన్సిలు పట్టుకుని చదువుతున్నాం ఇద్దరం. టీచర్ ఇప్పుడు ప్రతి శుక్రవారం నాకు మూడు లైన్లు రాస్తుంది. "సో స్వీట్" మానేసింది. మొన్నటి దాంట్లో ఈ వారం ఏ పదాల దగ్గర ఆగిపోయాడో రాసింది. ఫ్రిజ్ మీద అంటించాను.