తార్నాక రసాయనశాలలో ఒక పూట

హైదరాబాదు చుట్టుపట్ల కర్మాగారములలో తయారగు మందులు శంషాబాదు విమానాశ్రయమున ఔషధములకై ప్రత్యేకించిన సరకు విభాగమునుండి దేశదేశములకు పోవుచున్నవని బడంగ్‌పేటవాసులమైన మేము తఱచు విందుము గాని, వాని పుట్టుపూర్వోత్తరములను విచారించు తీరిక మాకెవ్వరికిని ఉండదు. ఆ లోటు కొంతైనను తీర్చుకొందమని కర్మన్‌ఘాటు, ఎల్‌.బి. నగరు, ఉప్పలు దాటి, తార్నాకకు ఈవలనున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు పోయితిని.

1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగా మొదలై, 1954 జనవరి 2న నెహ్రూ ప్రారంభించిన భవనములలో స్థిరపడి, 1956లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి క్రిందకు వచ్చి ప్రాంతీయ పరిశోధనశాలయై, డాక్టర్ హుసేన్ జహీర్ ఆధిపత్యమున నూనెలు, బొగ్గు మొదలగు స్థానిక ద్రవ్యములపై శ్రమించిన యీ సంస్థ 1989లో నేటి పేరు దాల్చెను. ఆనాటి సంచాలకులు డాక్టర్ అల్లా వెంకట రామారావు. నన్నిచ్చటికి రప్పించినది ప్రధానముగా వారి వృత్తాంతమే.

గుంటూరులో 1935లో జన్మించి, బొంబాయి మాటుంగాలో రసాయన సాంకేతికమును అభ్యసించి, పుణె జాతీయ రసాయనశాలలో రంగుల శాస్త్రమునకు పెద్దదిక్కయిన కె. వెంకటరామన్ శిష్యులై, లక్క పురుగునుండి వచ్చు ఎఱ్ఱరంగులోని ఆమ్లముల నిర్మాణమును తేల్చిన కృషిలో పాలుపంచుకొని, హార్వర్డులో రసాయనాచార్యుడు కోరీ వద్ద కొంతకాలము పనిచేసి వచ్చిన రామారావుగారు, 1985లో ఈ సంస్థకు అధిపతులైరి. ఇంతటి పాండిత్యము గలవారు ప్రబంధములు ప్రకటించుకొనుచు సుఖముగా కాలము గడపవచ్చును. అట్లు గడపిన పెద్దలు మనకు కొదవ లేదు. వీరు మాత్రము పరిశోధనశాల గడపలోనికి కర్మాగారపు ప్రశ్నను తెచ్చిరి: కిలోకు ఎంత పడును?

ఆ ప్రశ్నలోని కాఠిన్యము నాకు లోపలి గదిలో బోధపడినది. యువపరిశోధకు డొకడు సన్నని గాజునాళముతో తన మిశ్రమమును, పలుచగా సిలికా పూసిన బొటనవ్రేలంత టి.ఎల్‌.సి. ప్లేటు అంచున చుక్కపెట్టి, ద్రావకమున నిలిపి, అది పైకి ప్రాకిన పిమ్మట నీలలోహితాతీత దీపము క్రింద చూపెను. పచ్చని వెలుగులో రెండు నల్లమచ్చలు కనబడినవి. "క్రిందిది మొదటి పదార్థం సార్, పైది మనకు కావలసినది. క్రిందిది పూర్తిగా పోతే రియాక్షన్ అయిపోయినట్టే" అనెను. ఫ్లాస్కులో ఇది ముచ్చటగానే యుండును. కాని వేయి లీటర్ల రియాక్టరులో పుట్టిన వేడి, ఘనపరిమాణమునకు తగినంత ఉపరితలము లేనందున, త్వరగా బయటపడదు. సిలికా కాలమ్‌లో పోసి శుద్ధిచేయుట టన్నుల లెక్కన గిట్టుబాటు కాదు గనుక స్ఫటికీకరణముతోనే పని గడవవలెను. భగ్గున మండు ఈథరును దగ్గరకు రానీయరాదు. ప్రయోగశాలలో నెగ్గిన మార్గములలో ఎన్నో ఇచ్చటనే ఓడిపోవునట.

ఇట్టి చౌక మార్గములు వెదకువారికి నాటి చట్టము తోడ్పడెను. మన దేశపు 1970 నాటి పేటెంటు చట్టము మందుపై హక్కు నొసగక, దానిని చేయు పద్ధతిపై మాత్రమే ఒసగెను. కావున క్రొత్త పద్ధతి కనిపెట్టగలవాడు 2005 వఱకు ఏ మందునైనను చౌకగా చేయ స్వతంత్రుడు. అమెరికాలో 1987లో అనుమతి పొంది, సామాన్యున కందని వెలకు అమ్ముడుపోయిన ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌కు ఈ సంస్థ పద్ధతి రూపొందించగా, సిప్లా అను మందుల కంపెనీ దానిని 1993లో విడుదల చేసెను. 2001లో అదే సిప్లా మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకే ఇత్తుమని ప్రకటించునప్పటికి పాశ్చాత్యదేశములలో అట్టి చికిత్స వెల పదివేల డాలర్లు మించియుండెను. ఆఫ్రికా రోగుల ప్రాణములతో ముడిపడిన ఆ కథకు ఒక కొస తార్నాకలో నున్నదని మన పాఠ్యపుస్తకములు చెప్పవలసినంతగా చెప్పలేదని నా అభిప్రాయము.

అయితే కిలోకు ఎంత పడునని అడిగిన ఆ తరమువారు, కిలోకు ఎంత వ్యర్థము మిగులునని అంత గట్టిగా అడుగలేదు. పటాన్‌చెరు దిగువ, కర్మాగారముల వ్యర్థములు కలిసిన నక్కవాగు నీటిని పొలమునకు పెట్టుకొన్న రైతు లెక్కలో మన మందుల చౌకదనము వేఱు విధముగా కనబడును. ఈ మాట నేను కొంచెము జంకుచునే ఎత్తగా ఆ యువకుడు నొచ్చుకొనలేదు. మందుల తయారీలో కిలో సరకుకు 25 మొదలు 100 కిలోలకు పైగా వ్యర్థము వచ్చునని షెల్డన్ అను శాస్త్రజ్ఞుడు 1992లోనే లెక్క తేల్చెననియు, ఆ వ్యర్థములో పెద్దపాలు ద్రావకములదే యనియు తానే చెప్పెను.

రామారావుగారు 1995లో పదవీవిరమణ చేసి, సమీపమున నాచారములో అవ్రా లాబొరేటరీస్ నెలకొల్పిరి. 1991లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్ వారిని వరించెను. నేను సెలవు తీసుకొనువేళకు ఆ యువకుడు క్లోరిన్ గల ద్రావకములను ఒక డబ్బాలోను, లేనివానిని మఱియొక దానిలోను వంపుచు, ఆ రెండును కలిసినచో తిరిగి రాబట్టుటకు ఖర్చు పెరుగునని ప్రక్కనున్న క్రొత్త విద్యార్థినికి వివరించుచుండెను.