ఆహతము – అనాహతము: ఒక గోవా ట్రాన్స్ రసికుని కథ

ఆకాశమునకు శబ్దమే విశేషగుణమని తార్కికులు చెప్పుదురు. ఆ శబ్దమే నాదరూపమున పరతత్త్వమును చేర్చు సోపానమని నాదోపాసకులు విశ్వసింతురు. నాదము రెండు విధములు. ఒక వస్తువు మరియొక వస్తువును తాకగా పుట్టునది ఆహతము. ఏ తాకిడియు లేక హృదయాకాశమున స్వయముగా ధ్వనించునది అనాహతము. ఈ భేదమును శాస్త్రపఠనమున తెలిసికొన్నవారు పెక్కుమంది గలరు. తన చెవిని మూల్యముగా చెల్లించి తెలిసికొన్న ఒక జర్మను వడ్రంగి జీవితము ఇక్కడ ప్రస్తావింపదగియున్నది.

అతడు 1968లో జన్మించెను. 1992 శీతకాలమున, ఇరువది నాలుగేండ్ల వయస్సున, ఒక స్నేహితుని మాట విని గోవాలోని అంజునా గ్రామమునకు వచ్చెను. పౌర్ణమినాటి రాత్రి కొబ్బరితోటల నడుమ మొదలైన సంగీతము మరునాడు ఎండ తీవ్రమగువరకు ఆగలేదు. ఆ రాత్రి తరువాత అతని జీవితమునకు ఒక క్రమమేర్పడెను. వేసవిలో స్వదేశమున తలుపులు, కిటికీలు చేసి ధనమార్జించుట, శీతకాలమున సముద్రతీరమునకు వచ్చి ఆ ధనమును వ్యయించుట – ముప్పదేండ్లకు పైగా ఇదియే అతని సంవత్సరచక్రము. వివాహము నిలువలేదు. ఇల్లు కట్టలేదు. "నాకు నిష్ఠ యనునది ఒక్కటియే కలదు, అది ఈ సంగీతమునందే" యని అతడు చెప్పుచుండును.

ఆ సంగీతము పేరు గోవా ట్రాన్స్. దాని పుట్టుక వింతయైనది. 1960ల చివర యూరపు, అమెరికా దేశముల యువకులు గోవా తీరమునకు రాసాగిరి. మొదట వారు గిటారులతో పాటలు పాడుకొనెడివారు. 1980లలో యంత్రవాద్యముల సంగీతము ఆ స్థానము నాక్రమించెను. పాశ్చాత్యుల పాటలలోని గానభాగమును తొలగించి, వాద్యభాగమును మాత్రము టేపులపై కూర్చి, రాత్రియంతయు వినిపించు పద్ధతి అక్కడ రూపొందెను. గోవా వేడిమికి గ్రామఫోను రికార్డులు వంగిపోవుటచే డీజేలు మొదట క్యాసెట్లను, పిదప డ్యాట్ టేపులను వాడిరి. 1990ల నడుమ లండను, ఇజ్రాయెలు మొదలగు చోట్ల ఈ సంగీతమునకే ప్రత్యేకముగా కళాకారులు, సంస్థలు వెలసెను. సైమన్ పోస్ఫర్డ్ 'హాల్యూసినోజెన్' అను పేర 1995లో వెలువరించిన 'ట్విస్టెడ్' ఆ కాలపు శిఖరములలో ఒకటి.

దీని నిర్మాణము సరళమైనది. నిమిషమునకు సుమారు 140 తాళఘాతములు. ప్రతి ఘాతమునకు నాలుగేసి స్వరములు. ఒక చిన్న స్వరగుచ్ఛము పదేపదే తిరిగి వచ్చును. తిరిగి వచ్చునప్పుడెల్ల దాని నాదవర్ణము కొంచెము కొంచెముగా విచ్చుకొనును. పాశ్చాత్యులు ఫ్రిజియన్ డామినెంట్ అని పిలుచు స్వరక్రమము ఇందులో తరచుగా వినవచ్చును. కర్ణాటక సంగీతజ్ఞులకు అది 14వ మేళకర్తయైన వకుళాభరణముగా పరిచితము. నడిరాత్రి గంభీరమైన, భయావహమైన నాదములు, ప్రాతఃకాలమున మాధుర్యము, ప్రకాశము గల నాదములు వినిపించుట ఈ సంప్రదాయపు మర్యాద. "చీకటిని దాటించి ఉదయమునకు అప్పగించుటయే డీజే ధర్మము. ఆ ఉదయము రాక మునుపే వెళ్లిపోవువాడు ఏమియు విననట్లే" యని అతని అభిప్రాయము.

అతని అభిప్రాయములు ఇంకను గలవు. 1998 తరువాత సంగీతమున వేగము పెరిగి మాధుర్యము తగ్గినదని అతని ఆవేదన. ప్రణవమును, శివుని మూర్తిని మెరయు రంగులతో గుడ్డలపై అచ్చొత్తి, చెమటతో నిండిన నృత్యస్థలమున వ్రేలాడదీయుట అతనికి మొదట ఆనందమును, పిదప సంకోచమును కలిగించెను. అర్థము తెలియని మంత్రమును రెండు అక్షరములుగా కత్తిరించి తాళమునకు అతికించుట దొంగతనము వంటిదని అతడు మిత్రులతో వాదించుచుండును. చాపలు పరచి, కిరసనాయిలు దీపముల వెలుగున రాత్రియంతయు తేనీరు అమ్మిన గ్రామస్త్రీలను అతడు కృతజ్ఞతతో స్మరించును. ఆ రాత్రులలో నిద్రలేక బాధపడిన గ్రామవృద్ధులను సైతము మరువడు. 2000లో వెలువడిన శబ్దకాలుష్య నియమావళి రాత్రి పది గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు బహిరంగస్థలములలో లౌడ్‌స్పీకర్లను నిషేధించెను. 2005లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును దృఢపరచెను. మిత్రులందరు దానిని శపించిరి. "వారి నిద్రను మనము అడుగకయే తీసికొంటిమి" యని అతడొక్కడే అనెను.

మత్తుపదార్థముల విషయమున అతడు దాపరికము చూపడు. తొలి సంవత్సరములలో సేవించెను. కలిసి నర్తించిన ఒక సహచరుడు బుద్ధిభ్రమ నొంది, మరల యథాస్థితికి రాకపోవుట కన్నులార చూచి మానివేసెను. ఓషధులవలన సిద్ధులు కలుగునని పతంజలి యోగసూత్రములలో నున్నదని ఎవరైన వాదించినచో, ఆ పతంజలియే సిద్ధులను సమాధికి విఘ్నములుగా చెప్పెనని అతడు బదులిచ్చును. ఆ సమాధానము అతనికి తెలిసినది గోకర్ణమున.

అంజునా తీరమున జనసమ్మర్దము పెరిగిన పిదప అతడు శీతకాలమున కొన్ని వారములు గోకర్ణక్షేత్రమున గడుపుచుండెను. అక్కడ రథవీధికి సమీపమున ఒక వృద్ధవైదికుని ఇంటి ద్వారబంధము చెదలు తిని కూలుటకు సిద్ధముగా నుండగా, అతడు చూచి, తానే క్రొత్తది చేసి నిలిపెను. కూలి పుచ్చుకొనలేదు. దానికి బదులుగా ఉదయమున అరుగుపై కూర్చుండి, లోపల శిష్యులు చేయు వేదపాఠమును వినుటకు అనుమతి కోరెను. వృద్ధుడు కొంతసేపు ఆలోచించి సమ్మతించెను.

ఒకనాడు ఘనపాఠము సాగుచుండెను. మొదటి పదము, రెండవ పదము, రెండవది, మొదటిది, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మరల ఒకటి రెండు మూడు – ఇట్లు పదములు ముందునకు వెనుకకు అల్లుకొనుచు సాగు ఆ పద్ధతిని వివరింపగా విని అతడు ఉప్పొంగిపోయెను. "భట్‌జీ, ఇది మా సంగీతమే! అదే తిరుగుట, అదే అల్లిక!"

వృద్ధుడు నవ్వెను. "పోలిక నిజమే. ప్రయోజనము వేరు. మీ సంగీతమున ఆవృత్తి వినువానిని మార్చుటకు. ఇక్కడ ఆవృత్తి ఒక్క అక్షరమైనను మారకుండ కాచుటకు. చదువువాని మనస్సున ఏ ఆనందము కలిగినదని ఇక్కడ ఎవరును అడుగరు."

ఆ మాట అతనిలో నాటుకొనెను. అయినను అతని లోపల దాచియుంచిన ప్రశ్న మరియొకటి కలదు.

కొన్నేండ్ల క్రితము స్వగ్రామమున, పని ముగించి యంత్రములన్నియు ఆపిన ఒక రాత్రి, అతని చెవులలో ఒక సన్నని ధ్వని వినబడెను. కీచురాయి అరుపు వంటి ధ్వని. అది ఆగలేదు. వైద్యుడు పరీక్షించి కారణము చెప్పెను. చెవి లోపల నత్తగుల్లవలె చుట్టుకొన్న భాగమున సుమారు 15,000 రోమకణములుండును. అతిధ్వనికి అవి నశించినచో మనుష్యులలో మరల మొలవవు. 85 డెసిబెళ్ల ధ్వనిలో రోజునకు ఎనిమిది గంటలు మించి ఉండరాదని, అందుపై ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగునని శ్రవణశాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఆ లెక్కన 100 డెసిబెళ్ల వద్ద మిగులునది 15 నిమిషములే. అతడు స్పీకర్ల ముందు పదేసి గంటలు నిలిచినవాడు.

అతడు ఆ వైద్యుని మాట నమ్మలేదు. హఠయోగప్రదీపికకు అనువాదము చదివియుండెను. నాదానుసంధానము చేయు యోగికి మొదట సముద్రఘోష, మేఘగర్జన, భేరీధ్వని వంటివి, నడుమ శంఖము, ఘంట వంటివి, తుదకు కింకిణి, వేణువు, వీణ, తుమ్మెద ఝంకారము వంటివి వినబడునని అందులో నున్నది. తన చెవిలోనిది ఆ తుదిదశకు చెందిన సూక్ష్మనాదమని, ముప్పదేండ్ల నాదోపాసనకు అది ఫలమని అతడు నిశ్చయించుకొనెను. రెండు సంవత్సరములు అట్లే నమ్మి, చెవులకు ఏ రక్షణయు లేక నర్తించెను. ధ్వని హెచ్చెను. ఎదుటివారి మాటలు మసకబారెను. తుదకు ఒక సాయంకాలము అరుగుపై కూర్చుండి, సిగ్గుపడుచు అడిగెను: "భట్‌జీ, నేను వినుచున్నది అనాహతమేనా?"

వృద్ధుడు వెంటనే బదులు చెప్పలేదు. "అది వినబడునప్పుడు మీ మనస్సు లోనికి పోవుచున్నదా, తప్పించుకొనజూచుచున్నదా?" యని అడిగెను.

"తప్పించుకొనజూచుచున్నది. రాత్రులు నిద్ర పట్టదు."

"అట్లయిన అది అనాహతము కాదు. తాకబడనిది అనాహతము. మీ చెవి ముప్పదేండ్లు తాకబడినది. ఇది ఆహతనాదము మిగిల్చిపోయిన అప్పు. దానిని దైవమని పూజించినచో వడ్డీ పెరుగును."

ఆ మాట అతనికి శూలమువలె తగిలెను. మూడు దినములు ఆ వీధికి రాలేదు. ముప్పదేండ్ల జీవితమునకు తాను కల్పించుకొన్న అర్థము ఒక్క వాక్యముతో కూలినట్లయ్యెను. నాలుగవ దినమున వచ్చి, అరుగు చివర కూర్చుండి, "మరి నేను పొందిన ఆనందమంతయు అసత్యమా?" యని అడిగెను.

"అసత్యమని ఎవరనిరి?" వృద్ధుడు మృదువుగా పలికెను. "మనస్సు ఏకాగ్రమైనప్పుడు సుఖము కలుగును. అది స్వభావము. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో సమాధియందు కలుగు సుఖమును సైతము ఆస్వాదింపవలదని హెచ్చరించిరి. తరువాతి వేదాంతులు లయము, విక్షేపము, కషాయము, రసాస్వాదము అని నాలుగు విఘ్నములను చెప్పిరి. తక్కిన మూడింటిని గుర్తించుట సులభము. రసాస్వాదము తీయనిది గనుక దానిని విఘ్నమని ఎవరును గుర్తింపరు. మీరు వాకిటిలో దొరికిన తీపిని తినుచు, ఇంటిలోనికి వచ్చితినని తలచితిరి. వాకిలి అసత్యము కాదు. ద్వారబంధము చేసినవారికి ఇంతకంటె వేరుగ చెప్పవలెనా?"

అతడు చాలసేపు మౌనముగా నుండెను. ఆ సంవత్సరము స్వదేశమునకు పోయి శ్రవణయంత్రము ధరించెను.

2023 అక్టోబరులో గోవా గిల్ మరణవార్త వచ్చెను. కాలిఫోర్నియాలో 1951లో గిల్బర్ట్ లెవీగా జన్మించి, 1970లో గోవా చేరి, జూనా అఖాడాలో దీక్ష పొంది బాబా మంగళానందుడైన ఆ డీజే, ఇరువది నాలుగు గంటలు ఏకధాటిగా సంగీతము వినిపించుటకు ప్రసిద్ధుడు. ఈ వడ్రంగి యౌవనమును తీర్చిదిద్దినవారిలో అతడొకడు. వార్త విన్ననాడు ఇతడు పాత టేపు నొకదానిని మిక్కిలి మంద్రధ్వనిలో, తలుపులు మూసికొని, ఒకమారు విని ఆపివేసెను. ఇప్పటికిని ఇతడు ఆ సంగీతమును ద్వేషింపడు. ఉత్సవములకు పోవును. కాని నృత్యస్థలము నడుమ నిలువడు. అంచున నిలిచి, యువకులకు మంచినీరును, చెవులలో పెట్టుకొను మెత్తని బిరడాలను ఉచితముగా పంచును. కొందరు నవ్వుదురు. "మీ చెవులు నాకు అక్కరలేదు, మీకే కావలెను" అని మాత్రము చెప్పి ఊరకుండును.

2024 మార్చి 8వ తేదీ మహాశివరాత్రి. ఆ రాత్రి అతడు వృద్ధవైదికుని అరుగుపై జాగరణ చేసెను. లోపల నాలుగు జాములయందును అభిషేకము, రుద్రపారాయణము సాగుచుండెను. స్పీకర్లు లేవు, మత్తు లేదు, నృత్యము లేదు. రెండవ జాము ముగియునప్పటికి అతనికి విసుగు కలిగెను. మూడవ జామున నిద్ర ముంచుకొనివచ్చెను. చెవిలోని కీచురాయి ఎడతెగక అరచుచుండెను. నాలుగవ జామున తూర్పు తెల్లవారెను. ఉదయము వరకు నిలుచుట అతనికి బాగుగా అలవాటైన విద్యయే. ఆ ఉదయమున ఎవరును అతనిని ఏ ఆనందమునకును ఎత్తలేదు. అయినను అది ఉదయమే.

వృద్ధుడు తీర్థపాత్రతో వెలుపలికి వచ్చి, "చెవి ఎట్లున్నది?" అని అడిగెను.

"మోగుచునే యున్నది, భట్‌జీ. ఈ రాత్రి దానిని తిట్టలేదు. పూజింపను లేదు."

వృద్ధుడు తల యూచి, అతని చేతిలో తీర్థము పోసెను.

శివమస్తు.