'సి' తిప్పితే వేణ్నీళ్లు!

హోటల్లో దిగితే పేచీ లేదు. రిసెప్షన్‌లో ఎవరో ఒకరికి ఇంగ్లిష్ వచ్చే ఉంటుంది. అదే భాష తెలియని దేశంలో ఇల్లు అద్దెకు తీసుకుంటే..? తాళంచెవి మొదలు చెత్తబుట్ట దాకా అన్నీ మనమే చూసుకోవాలి. అయినా పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో యూరప్ వెళ్లేవారికి అద్దింటి మీద మోజు ఉంటుంది. కారణం... వంటగది! రోజంతా తిరిగొచ్చాక ఇంత అన్నం వండుకుని, ఆవకాయ కలుపుకుని తినొచ్చు.

రోమ్ నగరాన్నే తీసుకోండి. టైబర్ నదికి అవతలి ఒడ్డున ట్రాస్టెవెరె అనే పాత పేట ఉంది. నల్లరాళ్లు పరిచిన సన్నటి సందులు, కిటికీల కింద ఆరేసిన బట్టలు, శాన్ కొసిమాతో కూడలిలో పొద్దున్నే కూరగాయల అంగళ్లు... చూడముచ్చటగా ఉంటుంది. పర్యాటకులకు అద్దెకిచ్చే ఇళ్లూ బోలెడు. చిక్కల్లా ప్రకటన చదవడంలోనే!

'బిలోకాలె' అని ఉంటే రెండు పడగ్గదులని సంబరపడొద్దు. గదులు మొత్తం రెండేనని అర్థం. ఒకటి పడగ్గది, ఇంకోటి హాలు. 'మాత్రిమోనియాలె' అంటే పెళ్లి సంబంధమేమీ కాదు, డబుల్ కాట్! అన్నిటికన్నా ముఖ్యమైంది 'సెన్జా అషెన్సోరె'. అంటే లిఫ్టు లేదని. పాత భవనాల్లో ఇది మామూలే. మోకాళ్ల నొప్పులున్న నానమ్మ నాలుగంతస్తులు ఎక్కి దిగగలదా? ఈ రెండు మాటలూ చూసుకోకుండా బుక్ చేస్తే ఆవిడకు రోమ్ అంటే కిటికీలోంచి కనిపించినంతే.

2025 జనవరి 1 నుంచి ఇటలీలో పర్యాటకులకు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ 'చిన్' అనే జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి. ప్రకటనలో కనిపించకపోతే అడగండి. బుకింగ్ సైట్‌తో పనిలేదు, డబ్బు నేరుగా ఖాతాలో వేయండి అన్నారా... ఆ ఇంటికో దణ్నం పెట్టేయండి.

ఇక గుమ్మం దగ్గరికొద్దాం. అక్కడ చాలా భవనాల్లో కాలింగ్‌బెల్ పక్కన ఫ్లాట్ నంబరు ఉండదు, ఇంటిపేరు ఉంటుంది. రాత్రి పదకొండింటికి నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని ఏ బెల్లు నొక్కుతారు? అందుకే బెల్లు మీది పేరు, ఏ మెట్లదారి (స్కాలా), ఎన్నో అంతస్తు (పియానో), తాళం ఎవరిస్తారు... ఈ నాలుగూ బయల్దేరకముందే రాతలో తెప్పించుకోవాలి. యజమాని పాస్‌పోర్టులు అడిగితే కంగారుపడొద్దు. అతిథుల వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు పంపాలన్నది అక్కడి చట్టం. రోజుకు తలకింత అని టూరిస్టు పన్ను కూడా కట్టాలి. రోమ్‌లో పదేళ్లలోపు పిల్లలకు అది లేదు.

లోపలికెళ్లాక ఇల్లే ఇటాలియన్ మాట్లాడుతుంది! కుళాయి మీద 'సి' కనిపిస్తే చన్నీళ్లనుకునేరు. 'కాల్దో'... అంటే వేడి! చన్నీళ్లకు 'ఎఫ్'... అంటే 'ఫ్రెద్దో'. పిల్లలకు ఈ పాఠం మొదటిరోజే చెప్పాలి. మరోటి, చాలా ఇళ్లకు 3 కిలోవాట్ల కరెంటు కనెక్షనే ఉంటుంది. ఓవెన్, వాషింగ్ మెషీన్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే ఇల్లంతా చీకటి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి. ఏదైనా పాడైతే వేలితో చూపించి 'గ్వాస్తో' అంటే చాలు. ఆపదలో 112కు ఫోన్ చేయాలి. ఫోన్లో అనువాదం యాప్ ఉంటే, ఇంటర్నెట్ లేకున్నా పనిచేసేలా ఇటాలియన్‌ను ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.

అన్నట్టు, తెలుగును 'తూర్పు దేశపు ఇటాలియన్' అంటారు కదా! రెండు భాషల్లోనూ చాలా మాటలు అచ్చుతోనే ముగుస్తాయి. కాబట్టి మన నోటికి ఇటాలియన్ అంత కష్టమేం కాదు. మెట్ల మీద ఎదురైన పక్కింటి పెద్దావిడకు ఓ 'బువోన్ జోర్నో' చెప్పి చూడండి. ఆవిడ నవ్వి, గుక్కతిప్పుకోకుండా ఏదేదో చెప్పేస్తుంది. అర్థం కాలేదా? ఏం ఫర్వాలేదు... మన నానమ్మ తెలుగులోనే జవాబు చెప్పేస్తుంది!