శబ్దం ఆగిన నాడు

రోగి మూలుగు ఆగగానే బాధ తీరిందని చుట్టుపక్కలవారు సంతోషిస్తారు. ఆ సంతోషం అన్ని వేళలా నిజం కాదని ఒక పాత మోటారు కారు మాకు నేర్పింది. ఆ పాఠానికి మేము చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు గనుక, దానిని తోటి విద్యార్థుల ముందు ఉంచదలచాము.

మా నివాసం జైపూర్. మంచిర్యాల నుండి చెన్నూరు పోయే రహదారి మీది ఊరు. సింగరేణి సంస్థ వారి 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రం 2016లో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించిన నాటి నుండి ఊరి పేరు నలుగురికీ తెలిసింది. మా తండ్రిగారు భూగర్భ గనిలో టింబర్‌మన్‌గా చాలాకాలం పనిచేశారు. గని కప్పు కూలకుండా కర్ర ప్రాపులు నిలబెట్టడం ఆయన వృత్తి. పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి ఒక పాత అంబాసిడర్ కారు కొన్నారు. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారును మూలంగా తీసుకొని హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో మొదలుపెట్టి, 2014లో తయారీ నిలిపివేసిన కారు అది. మాది 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ గలది; వయస్సులో మాకంటె పెద్దది.

గత చలికాలంలో ఒక ఉదయం ఇంజన్ నుండి టిక్కు టిక్కుమనే శబ్దం వినవచ్చింది. గడియారం వలె లెక్క తప్పని శబ్దం. ఇంజన్ వేగం పెంచితే అదీ వేగం పెంచేది. తండ్రిగారి ముఖం చిన్నబోయింది. మేము నాలుగు పుస్తకాలు చదివినవారము కదా, కారణం కనిపెట్టగలమని ముందుకు వచ్చాము.

ముందుగా డిప్‌స్టిక్ తీసి చూశాము. నూనె గుర్తు వరకు ఉన్నది. నూనె తక్కువైతే పై భాగాలకు అందక ఇట్టి శబ్దమే పుడుతుంది. ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ పగిలినదేమో అనుకొన్నాము. అదైతే చల్లని ఇంజన్‌లో ఎక్కువగా ఉండి, వేడెక్కి లోహం వ్యాకోచించిన కొద్దీ తగ్గవలె. ఇది తగ్గలేదు. ఒక్కొక్క ప్లగ్గు తీగను పొడిగుడ్డతో పట్టి తీసి చూశాము. కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినదైతే ఆ సిలిండరు మండనప్పుడు శబ్దం సన్నగిల్లుతుంది. ఇది మారలేదు. పైగా క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి ఇది ఒక్కమారే వినిపిస్తున్నది. సరిగా సగం వేగంతో తిరిగేది కామ్‌షాఫ్ట్. దాని ఆజ్ఞను మోసేవి ట్యాపెట్లు. చివరకు పొడుగాటి పేచ్‌కస్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టి విన్నాము. 1816లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లేనెక్ కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నది ఈ సూత్రంతోనే. శబ్దం రాకర్ కవరు కిందనే ఉన్నది. ట్యాపెట్లు వదులైనవని తేల్చాము. మా నిర్ణయం సరియైనదే. తప్పు జరిగింది చికిత్సలో.

రాకర్ కవరు విప్పి, పానా పట్టుకొని, ఎనిమిది స్క్రూలనూ కదలిక లేకుండా బిగించాము. శబ్దం మాయమైంది. ఇంజన్ పట్టువలె నడిచింది. మా గర్వానికి అంతులేదు. తండ్రిగారు మాత్రం కాసేపు విని, "సప్పుడు పోయింది, మంచిదే. కని ఎటు పోయిందో ఎరుకేనా బిడ్డా?" అన్నారు. మేము నవ్వి ఊరుకున్నాము.

మూడు వారాలు గడిచాయి. ఒక రాత్రి మా తల్లిగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. కారులో పడుకోబెట్టుకొని గోదావరిఖని ఆసుపత్రికి బయలుదేరాము. ఇందారం దాటి గోదావరి వంతెన ఎక్కగానే ఇంజన్ వణికింది. బలం సన్నగిల్లి నడివంతెన మీద ఆగిపోయింది. కింద నది, పైన చీకటి, వెనుక సీటులో అమ్మ మూలుగు. ఆనాటి మా నిస్సహాయతను వర్ణించలేము. బొగ్గు లారీ డ్రైవరు ఒకరు ఆగి, అమ్మను తన పక్కన కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి చేర్చారు. ఆయన పేరు సైతం అడగలేకపోయాము. అమ్మ కోలుకున్నారు. అది మా అదృష్టమే గాని మా గొప్ప కాదు.

మరునాడు కారును ఒక వృద్ధ మెకానిక్ వద్దకు చేర్చాము. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. హెడ్ విప్పి మూడవ సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వును మా చేతిలో పెట్టారు. దాని అంచు ఎలుక కొరికిన రొట్టెవలె ఉన్నది.

"ట్యాపెట్లకు సందు ఎవరు లేకుంట చేసిండ్రు, బేటా?" అని అడిగారు. మేము తల వంచుకున్నాము.

ఆయన కోపగించక వివరించారు. వేడెక్కితే లోహం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటుగా వాల్వుకూ రాకర్‌కూ నడుమ అంగుళంలో వెయ్యో వంతులు సుమారు 15 సందు ఉండవలె. సందు లేకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకొని పీఠానికి ఆనినప్పుడే కదా దాని వేడి హెడ్‌లోకి పోయేది! ఆనక, అంచుల నుండి మంటలు దూసుకుపోయి వాల్వును కాల్చివేస్తాయి. సందు కొలవడానికి ఫీలర్ గేజ్, వరుస తప్పకుండుటకు 9 లెక్క నేర్పారు: 8వ వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు 1వది, 7వది తెరిచి ఉన్నప్పుడు 2వది సరిచేయవలె, రెండూ కలిపితే 9 కావలె. "సన్నగ టిక్కుమనే ట్యాపెట్‌తోని భయం లేదు. చప్పుడు చేయని ట్యాపెట్‌కే భయపడాలె," అన్నారు.

ఇంటికి వచ్చి ఆ మాట తండ్రిగారితో చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "గనిల మేం కర్ర ప్రాపునే ఎందుకు నమ్మేటోళ్లమో తెల్సా? బరువు మీద పడితే అది కిర్రుమంటది. అది విని మనిషి పక్కకు ఉరుకుతడు. సప్పుడు బంద్ జెయ్యనీకె ప్రాపు కొడ్తే, కప్పు నెత్తి మీదికొస్తది," అన్నారు. ఆయన అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ మాట ముందే చెప్పకపోయారే అని మాకు తోచింది. కాని ఆయన ముందే అడిగారు. వినకపోయినది మేమే.

విద్యార్థి మిత్రులారా! కారణం కనిపెట్టడం విద్యలో సగమే. కనిపెట్టిన కారణానికి ఎంత బిగింపు అవసరమో, ఎంత సందు విడిచిపెట్టవలెనో తెలియడం మిగతా సగం. ఆ రెండవ సగం మేము పుస్తకాలలో వెదకలేదు. తెలిసిన పెద్దలు ఇంట్లోనే ఉండగా అడగనూ లేదు.

కొత్త వాల్వు వేసిన పిమ్మట మా కారు మళ్లీ నడుస్తున్నది. చెవి పెట్టి వింటే రాకర్ కవరు కింద సన్నని టిక్కు నేటికిని వినిపిస్తుంది. ప్రతి ఉదయం తండ్రిగారు బానెట్ ఎత్తి కాసేపు దానిని విని, తల ఊపి, బానెట్ దించుతారు. ఆయన పక్కన నిలబడి మేమూ వింటున్నాము.