నగరంలో కొత్త వీరులు

నగరం వెళ్ళివచ్చానంటే మా కాలేజీ స్టాఫురూములో ప్రతివారూ "ఏ నగరం?" అనే అడిగారు. ఒకాయన హైదరాబాదనుకున్నాడు. ఇంకొకాయన నా ముఖం వైపు పరీక్షగా చూసి, ఇంత నలుపెక్కాడంటే మద్రాసే అయివుంటుందని తేల్చాడు. అవేవీ కావు. ఊరి పేరే నగరం. కోనసీమలో, మామిడికుదురు మండలంలో, అమలాపురం నుంచి రాజోలు పోయే దారిలో కొబ్బరిచెట్ల మధ్య ఉన్న పల్లెటూరు. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద పేరు ఎవరు పెట్టారోగాని, ఆ పేరుకి ఒకప్పుడు గొప్ప మర్యాదే ఉండేది. వైనతేయకూ వసిష్ఠకూ సముద్రానికీ నడుమ ఉన్న లంకభూమి మొత్తాన్నీ పాత దొరలు తమ కాగితాల్లో 'నగరం దీవి' అనే వ్రాసుకున్నారు.

అది మా అమ్మ పుట్టిల్లు. మా అక్కయ్యను మేనమామ కొడుకుకే ఇచ్చారు కనుక నాకు ఆ ఊరితో చుట్టరికం తెగలేదు. మొన్న సంక్రాంతికి అక్కయ్య గట్టిగా పిలిస్తే బయలుదేరాను. రావులపాలెం దాటి, కొత్తపేట దాటి, అమలాపురంలో బస్సు మారి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటాను. మా చిన్నతనంలో ఈ వంతెన లేదు. పంటు మీద దాటేవాళ్ళం. మనుషులూ, సైకిళ్ళూ, అరటిగెలలూ, ఒక్కొక్కప్పుడు పెళ్ళివారి బ్యాండుమేళమూ కలిసి ఏరు దాటుతుంటే అదొక చిన్న తీర్థంలా ఉండేది. ఇప్పుడు రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు. సుఖమే. కాని, ఏరు దాటామన్న సంగతి మనసుకు తెలిసేలోగా ఏరు వెనకబడిపోతుంది.

వంతెన దిగగానే పాశర్లపూడి. ఈ పేరు వింటే నా ఈడువాళ్ళకు ఒక మంట గుర్తుకువస్తుంది. 1995 జనవరి 8న అక్కడ చమురుబావి బద్దలై అంటుకుంది. ఆరిపోవడానికి 65 రోజులు పట్టింది. నేనప్పుడు ఎనిమిదో క్లాసు. సంక్రాంతి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చి, రాత్రిపూట డాబా ఎక్కి ఎర్రబడ్డ ఆకాశాన్ని చూసేవాణ్ణి. ఆ వెలుగులో చందమామ చదివానని తరువాత క్లాసులో గొప్పలు చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే కథల పేర్లే కనిపించాయి, కథలు కనిపించలేదు. అమెరికా నుంచి మంట ఆర్పేవాళ్ళు వస్తున్నారని పెద్దవాళ్ళు చెప్పుకుంటుంటే, వాళ్ళు తాటిచెట్టంత మనుషులై ఉంటారని ఊహించుకున్నాను. పేపర్లో ఫోటో చూస్తే టోపీలు పెట్టుకున్న మామూలు మనుషులు! ఎంత నిరుత్సాహపడ్డానో చెప్పలేను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈసారి నగరంలో నేను గడిపిన మూడు రోజులూ వీరాధివీరుల గోష్ఠిలోనే గడిచాయి.

కనుమ మరునాడు. జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసివచ్చిన బడలికతో ఊరంతా మందకొడిగా ఉంది. అక్కయ్య పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వండింది. నాలుగు తిని వీధి అరుగు మీద నడుం వాలుద్దామని వచ్చేసరికి అక్కడ చోటు లేదు. మా పెద్ద మేనల్లుడు, వాడి చెల్లెలు, పక్కింటి కుర్రవాడు, వీళ్ళ మధ్య రంగురంగుల అట్టలతో నాలుగు లావుపాటి పుస్తకాలు. మేనల్లుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. అక్కడ కొనుక్కొచ్చాడట. ఒక్కొక్కదాని ఖరీదు విన్నాక, మా రోజుల్లో అది నెల మెస్సు బిల్లు అన్నాను. "అందుకే ముగ్గురం చందా వేసుకున్నాం మావయ్యా" అన్నాడు.

అవి అమెరికా బొమ్మల కథలు. మనం సినిమాల్లో చూసే బ్యాట్‌మన్, స్పైడర్‌మన్‌లవే. అయితే పాతవి కావు. 2024లో ఆ కంపెనీలు రెండూ తమ వీరుల కథలను మొదటినుంచీ మార్చి, కొత్తగా చెప్పడం మొదలుపెట్టాయట. జనవరిలో 'అల్టిమేట్ స్పైడర్‌మన్', అక్టోబరులో 'ఆబ్సల్యూట్ బ్యాట్‌మన్'. వచ్చిన సంచిక వచ్చినట్టే దేశదేశాల్లో అభిమానులు చీల్చి చెండాడుతున్నారుట. నగరం అరుగు మీద జరుగుతున్నదీ ఆ చెండాటే.

మేనకోడలు పదో క్లాసు. దాని ఓటు బ్యాట్‌మన్‌కి. "పాత కథలో వాడు కోటీశ్వరుడు మావయ్యా. పెద్ద మేడ, కార్లు, నౌకర్లు. డబ్బుంటే ఎవరైనా వీరుడే! ఇందులో వాడికి డబ్బు లేదు. మునిసిపాలిటీలో ఇంజనీరు. వాళ్ళ నాన్న బడిపంతులు" అంది. ఆ చివరిమాటతో నాకు కథ మీద ఆసక్తి కలిగిందని వేరే చెప్పనక్కర్లేదు. ఆ పంతులుగారు పిల్లల్ని జంతుప్రదర్శనశాలకు తీసుకుపోయి, అక్కడ ఎవడో కాల్పులు జరిపితే చనిపోతాడు. తల్లి మాత్రం బ్రతికే ఉంటుంది. 1939లో పుట్టిన పాత కథలోనైతే తల్లీ తండ్రీ ఇద్దరూ పోతారు. కొత్త బ్యాట్‌మన్ మనిషి కొండలా ఉన్నాడు. గుండె మీద గబ్బిలం గుర్తు ఉంది చూశారూ, దాన్ని ఊడదీస్తే గొడ్డలి!

"గొడ్డలి బాగుందిగాని, దెబ్బలాట ఎక్కువ. పేజీకి ఆరు మాటలైనా లేవు" అన్నాడు అన్నగారు. వాడి ఫిర్యాదు అంతటితో ఆగలేదు. కథ మార్చడమే తప్పంటాడు. తల్లిదండ్రులిద్దరూ పోతేనే బ్యాట్‌మన్ బ్యాట్‌మన్ అయ్యాడు. తల్లిని బ్రతికిస్తే ఇక వాడికి ఆ కసి ఎక్కడిది? స్పైడర్‌మన్ సంగతి ఇంకా అన్యాయమట. 1962లో వచ్చిన మొదటి కథలో, తను వదిలేసిన దొంగే తనను పెంచిన అంకుల్‌ని చంపుతాడు. ఆ పశ్చాత్తాపమే వాణ్ణి వీరుణ్ణి చేస్తుంది. కొత్త కథలో ఆ అంకుల్ నిక్షేపంగా ఉన్నాడు. ఆంటీ పోయింది. స్పైడర్‌మన్‌కు పెళ్ళయి ఇద్దరు పిల్లలు. వయసు మళ్ళుతున్నవేళ శక్తులు వస్తాయి. "బొజ్జ వచ్చాక గోడలెక్కడమేమిటి మావయ్యా!" అన్నాడు, నా బొజ్జ వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తూ.

ఇంతలో మా మామయ్య, అంటే అక్కయ్య మామగారు, కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి పడకకుర్చీలో కూర్చున్నారు. ఎనభై దాటాయి. ఆయన చందమామ భక్తులు. 1954లో 'తోకచుక్క' సీరియల్ వస్తున్నప్పుడు పోస్టుమాన్ కోసం వీధి చివరిదాకా ఎదురు వెళ్ళేవారట. ఒక పుస్తకం తీసి, కళ్ళజోడు పైకీ కిందికీ సర్ది, "బొమ్మల్లో ఇంత చీకటేమిట్రా? వీడి ముఖం ఏదీ?" అన్నారు. చిత్రా బొమ్మలో రాక్షసుడికి సయితం కనుబొమలు లెక్కపెట్టవచ్చునట. శంకర్ వేసిన విక్రమార్కుడి నడకలోనే రాజసం తెలిసేదట. ఇంకొక మాట కూడా అన్నారు. ఈ పుస్తకాల మీద వ్రాసినవాడి పేరు, గీసినవాడి పేరు, రంగులు వేసినవాడి పేరు అన్నీ ఉన్నాయి. తోకచుక్క వ్రాసింది దాసరి సుబ్రహ్మణ్యమని తనకు ముసలితనంలోగాని తెలియలేదట. "ఆ విషయంలో మాత్రం వీళ్ళు మెరుగు" అని ఒప్పుకున్నారు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్నతో గోష్ఠి దారి మారింది.

"ఇంతకీ అంకుల్ అంటున్నారు. ఎవర్రా? బాబాయా, పెదనాన్నా, మేనమామా?"

నేను తెలుగు పంతుల్ని కనుక ఈ చిక్కు నాకు ముచ్చటగా తోచింది. ఇంగ్లీషువాడు ఒక్క మాటతో చుట్టాలందర్నీ ఒకే గాటన కట్టేస్తాడు. మనకలా కుదరదు. మేనల్లుడు ఫోనులో వెతికి, తండ్రికి అన్నగారే కాబట్టి పెదనాన్న అన్నాడు.

"కాదండి. బాబాయండి" అన్నాడు పక్కింటి కుర్రవాడు.

అంతవరకూ వాడు నోరు విప్పలేదు. వాడికి పందొమ్మిదేళ్ళుంటాయి. ఫోనులో పెదనాన్న అని చూపిస్తున్నా "ఆయ్, ఏమోనండి, నేను బాబాయనే చదూకున్నానండి" అని తల వంచుకున్నాడు. మేనల్లుడు మరి వాదించలేదు. మేనకోడలు పుస్తకం మూసేసింది. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ రాత్రి అక్కయ్య చెప్పింది.

నగరం పేరు దేశమంతా తెలిసిన రోజు 2014 జూన్ 27. తెల్లవారుతుండగా ఊళ్ళో గ్యాసు గొట్టం పగిలింది. గాలిలో కమ్ముకున్న గ్యాసు, ఎవరో పొయ్యి వెలిగించడంతో భగ్గుమందని అప్పట్లో చెప్పుకున్నారు. ఇరవై మందికి పైగా పోయారు. ఇళ్ళూ, కొబ్బరిచెట్లూ, గూళ్ళలో పక్షులూ నిలువునా మాడాయి. అక్కయ్యవాళ్ళ ఇల్లు ఎడంగా ఉండబట్టి మిగిలింది. ఈ కుర్రవాడి బాబాయి మిగలలేదు. వాడి తండ్రి గల్ఫులో ఉండేవాడు. పెంచింది, సైకిలు నేర్పింది, బడిలో దింపింది అన్నీ ఆ బాబాయే. వాడికప్పుడు ఏడెనిమిదేళ్ళు.

"ఆ పుస్తకం కొనమని పట్టుబట్టింది వాడే" అంది అక్కయ్య. "అది ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు."

మరునాడు సాయంత్రం మళ్ళీ అరుగు మీద చేరాం. మేనల్లుడు నిన్నటి వాదం వదిలేసినట్టే కనిపించాడు గాని, నా మనసులో అది తెగలేదు. కథ మార్చడం తప్పా? పాఠం చెప్పడం నాకు రోగం కనుక మొదలుపెట్టేశాను. వాల్మీకి ఉత్తరకాండలో సీత భూమిలోకి వెళ్ళిపోతుంది. భవభూతికి అది సయించలేదు. తన నాటకంలో సీతారాముల్ని కలిపి మరీ తెర దించాడు. మన తిక్కనగారు ఉత్తర రామాయణం తెలుగు చేస్తూ రామనిర్యాణం దగ్గర కలం ఆపేశారు. రాముడు పోయాడని వ్రాయడానికి ఆయనకు చేతులు రాలేదంటారు. ఆ లోటు తరువాత మరొక కవి పూరించవలసి వచ్చింది. "అంచేత అమెరికావాడు కొత్తగా చేసిన ఘోరమేమీ లేదు" అన్నాను.

"తిక్కన ఆపేశాడు మావయ్యా, బ్రతికించలేదుగా" అన్నాడు మేనల్లుడు. మొండివాడు. కాని పాయింటు ఉంది. నేను సమాధానం వెతుక్కుంటుంటే కుర్రవాడు అందుకున్నాడు.

"మేష్టారండీ, బాబాయి బతికుంటే స్పైడర్‌మన్ మంచోడవ్వడని ఈడంటాడండి. ఎందుకవ్వడండి? ఈ పుస్తకంలో అయ్యేడు కదండి."

మామయ్య పడకకుర్చీలోంచి "ఆ మాట నిజమే" అన్నారు. మేనల్లుడు కాసేపు ఆలోచించి, ఆంటీని చంపడం మాత్రం అక్కర్లేదని తన అభిప్రాయాన్ని ఆ మేరకు సవరించుకున్నాడు. బ్యాట్‌మన్ గొడ్డలి గురించి మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు.

తిరుగు ప్రయాణంలో నన్ను మోటారుసైకిలు మీద పి. గన్నవరం దాకా ఆ కుర్రవాడే దిగబెట్టాడు. అక్కడ వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టు ఉంది. 1850ల మొదట్లో, కాటన్ దొర చేతికింద పనిచేసిన హెయిగ్ అనే కుర్ర ఇంజనీరు 49 కమానులతో కట్టించింది అసలుది. నగరం దీవికి నీళ్ళు ఇచ్చింది అదే. తరువాత కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఉండి, వేళకాని వేళ ఏరు దాటివచ్చిన బాటసారికి సయితం అన్నం పెట్టిన ఇల్లాలు. 1909లో పోయారు. కింద ఏరు, పైన కాలువ. బండి ఆపి ఇద్దరమూ కాసేపు చూశాం.

"ఇది కట్టినోడు కూడా ఇంజనీరేనాండి?" అన్నాడు.

"ఇంజనీరే."

"పాపకి చెప్పాలండి. ఆ గొడ్డలోడి పార్టీ కదండి" అని నవ్వాడు. మూడు రోజుల్లో వాడు నవ్వగా చూడడం అదే మొదలు.

బస్సు వచ్చింది. నేనెక్కి కూర్చున్నాక కిటికీలోంచి ఒక పొట్లం అందించాడు. విప్పితే స్పైడర్‌మన్ మొదటి సంపుటం. "చదివి వేసవిలో ఇచ్చేయండి మేష్టారండీ. మూడో భాగం కాడ కొంచెం చిరిగిందండి, అది నేనే చించేనండి, చిన్నగా తిప్పండి" అన్నాడు.

అంబాజీపేట చేరేసరికి మూడో భాగంలో ఉన్నాను. చినిగిన పేజీని అన్నంమెతుకుతో అతికించి ఉంది.