మిద్దె తలుపు తాళం

మా లాల్‌దర్వాజాలో పుట్టిన మగపిల్లవాడు తాలీంఖానా గడప తొక్కకుండా పెరగడం ఆ రోజుల్లో జరిగే పని కాదు. తెల్లవారుజామున ఉస్తాదు ఎదుట దండీలు, బస్కీలు, ఒంటినిండా ఎర్రమట్టి. ఇంటికి వస్తే అమ్మ ఇచ్చే గ్లాసెడు పాలు. ఆషాఢంలో సింహవాహిని అమ్మవారి బోనాలు వచ్చాయంటే పోతరాజు కొరడా ఝళిపిస్తూ ముందు సాగేవాడు. అతని వెనకాల మేము ఛాతీలు విరుచుకుని నడిచేవాళ్ళం. మా చెల్లెలు అమ్మ కొంగు పట్టుకుని బోనం పక్కన నడిచేది. నడిచేదన్న మాటేగాని, దాని చూపంతా మా వైపే.

1964లో దానికి పన్నెండేళ్ళు, నాకు పధ్నాలుగు. తాలీంలో నేర్చుకున్న పట్టును ఇంటికి రాగానే మిద్దెమీద దానికి చూపించేవాణ్ణి. నా గొప్ప చాటుకోవడానికే గాని నేర్పాలని కాదు సుమండీ. అది మటుకు నేర్చుకుంది. ఒక సాయంత్రం నన్ను నడుము దగ్గర దొరకబుచ్చుకుని వెల్లకిలా పడవేసింది. మోచెయ్యి దోక్కుపోయింది. కిందికి వచ్చిన నన్ను చూసి నాయన ఏమిటది అని అడిగాడు. జారిపడ్డానన్నాను. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. ఆడపిల్ల మిద్దెమీద గంతులు వేస్తూంటే పక్కిళ్ళవాళ్ళు చూస్తున్నారని కూడా చేర్చాను. ఆ రాత్రే మిద్దె తలుపుకు తాళం పడింది. తాళంచెవి నాయన మొలతాడుకు చేరింది. చెల్లెలు పదహారో ఏట అత్తవారింటికి వెళ్ళేదాకా ఆ మెట్లెక్కలేదు.

ఈ సంగతి నా కడుపులోనే ఉండిపోయింది. దాన్ని కదిలించింది మా మనుమరాలు.

ఆ పిల్ల తైక్వాండో నేర్చుకుంటున్నది. కాళ్ళతో తన్నే కొరియా విద్య. దానికి దైవసమానురాలు థాయిలాండు అమ్మాయి పనిపక్ వొంగ్‌పట్టనకిట్. 2021లో టోక్యో ఒలింపిక్సులో స్పెయిను పిల్లమీద ఆఖరి క్షణాల్లో పుంజుకుని 11-10 తేడాతో బంగారు పతకం కొట్టింది. తైక్వాండోలో ఆ దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం అదే. 2024లో పారిస్‌లో మళ్ళీ కొట్టింది. అందుచేత 2022 మే 19న ఇస్తాంబుల్‌లో మన నిజామాబాదు బాక్సరు నిఖత్ జరీన్ ప్రపంచ పోటీల ఫైనలుకు దిగినప్పుడు, ఎదురు నిలిచినది థాయి పిల్ల జుతామస్ జిత్‌పోంగ్ అని విని మనుమరాలు పెదవి విరిచింది.

"తాతా, థాయి వాళ్ళు అల్కగ ఇడువరు," అన్నది.

అయిదుగురు న్యాయనిర్ణేతలూ నిఖత్‌కే వేశారు. ఆనాడు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు సోఫా అంచున కూర్చుని చూసింది. చప్పట్లు కొట్టలేదు. చివరికి ఒక్క మాట అడిగింది.

"ఆ పిల్ల తండ్రి ఏం జేస్తడన్నా?"

నాకు తెలిసినది చెప్పాను. తండ్రి జమీల్ అహమద్ తానే ఆటగాడు, సౌదీలో ఉద్యోగం చేసినవాడు. నలుగురూ ఆడపిల్లలే, నిఖత్ మూడోది. పరుగు పందేలకని మైదానానికి తీసుకువెళ్తే, బాక్సింగులో ఒక్క ఆడపిల్లా లేదేమని ఆ పిల్ల అడిగిందట. ఇరుగుపొరుగువారు బట్టల గురించీ, పెళ్ళి గురించీ నానా మాటలూ అన్నారు. ఆయన ఆ మాటలు పిల్ల దాకా పోనివ్వలేదు. విశాఖపట్నంలో ఐ.వి.రావుగారి దగ్గర తర్ఫీదయి, 2011లో టర్కీలోనే బాలికల ప్రపంచ విజేత అయింది. చెల్లెలు వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. అప్పటికీ ఇప్పటికీ మధ్య పదకొండేళ్ళు!

నిజానికి చెప్పుకోవలసినది ఆ పదకొండేళ్ళనే. 2017లో భుజం కీలు తప్పింది. అది మానేసరికి ఏడాది గడిచింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌ను నేరుగా పంపాలని చూస్తే, నాకూ అవకాశమివ్వండి, పోటీ పెట్టండి అని బహిరంగంగా అడిగింది. మేరీకోమ్ అంటే మాటలా! డిసెంబరులో ఢిల్లీలో పోటీ పెట్టారు. 9-1 తేడాతో ఓడింది. అడిగి తెచ్చుకున్న ఓటమి, దేశమంతా చూసింది. అయినా తలుపు వేసుకుని కూర్చోలేదు.

ఇస్తాంబుల్ తరువాత ఆ ఏడే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ విజేత. మా చెల్లెలు ఏ ఒక్క పోటీనీ వదిలిపెట్టలేదు. అదే ఏడు హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీఫైనల్లో మరో థాయి అమ్మాయి చేతిలో ఓడినప్పుడు మనుమరాలు నా వంక చూసి, "నేను చెప్పలే?" అన్నది. చెల్లెలు దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా అమ్మాయి వూ యూ. ఆ పోటీల్లో చివరికి బంగారం గెలిచినది ఆ పిల్లే. నిఖత్‌కు ఒక్క న్యాయనిర్ణేతా వేయలేదు. 0-5. ఒలింపిక్ పతకం ఆశ అక్కడితో సరి. ఓడి నిలబడ్డ ఆ పిల్ల ముఖాన్ని కెమెరా వదలడం లేదు. కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఓడాను, మళ్ళీ వస్తానన్నట్లు మాట్లాడింది.

టీవీ కట్టేయబోతే చెల్లెలు వద్దన్నది. అప్పుడెందుకో నాకు గొంతు పట్టుకుంది. మనుమరాలు లోపలికి వెళ్ళేదాకా ఆగి చెప్పాను, ఆనాడు మిద్దె తలుపుకు తాళం వేయించినది నేనేనని.

చెల్లెలు టీవీమీదినుంచి చూపు తిప్పలేదు.

"నాకెర్కనే అన్నా. నువ్వు నాయినతోని జెప్తాంటె మెట్ల మీదనే ఉన్న," అన్నది. కాసేపాగి, "నా గురించి చెప్పినవు, సరే. జారిపడ్డ అని ఎందుకు చెప్పినవు?" అన్నది.

నేనేమీ చెప్పలేకపోయాను. మనుమరాలు తెల్లబట్టలు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని బయటికి వచ్చింది. క్లాసుకు వేళయింది. చెల్లెలు చెప్పులు తొడుక్కుని, "నేనొస్తా పా బిడ్డా," అంటూ దాని వెంట గల్లీలోకి నడిచింది.